తువ్వాలు కప్పిన తెర

సోమవారం పొద్దున పదింటికి మీటింగ్ గది గోడ మీద బానెడంత సున్నా పడింది.

"మూడు నెలల లెక్క ఇది," అన్నాడు టీం లీడరు, చేతిలో టీ కప్పుతోనే. "పాత బ్రౌజర్‌లో మన టూల్ వాడుతున్నవాళ్ళు ఎంతమందో చూడండి. ఒక్కరంటే ఒక్కరు లేరు. ఎవరూ లేని ఇంటికి మనం రోజూ పేపరు వేస్తున్నాం."

ఆ టూల్ సంగతి ముందు చెప్పాలి. ఇంటర్నెట్టులో పేపరు తెరిస్తే ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఓ మూల బొమ్మ కదులుతుంటుంది, ఇంకో మూలనుంచి ప్రకటన మీదికి దూకుతుంది, అసలు వార్త ఎక్కడుందో వెతుక్కునేసరికి కళ్ళున్న మనకే తాతలు దిగొస్తారు. చూపు లేనివాళ్ళ గతేమిటి? కంప్యూటరు వాళ్ళకి చదివి వినిపిస్తుంది, నిజమే. కానీ ఆ గందరగోళమంతా వరసగా చదివి వినిపిస్తే వినేవాళ్ళకి పిచ్చెక్కుతుంది. ఈ ఆఫీసు వాళ్ళ టూల్ ఆ చెత్తంతా పక్కకి నెట్టి, ఇది శీర్షిక, ఇది వార్త, ఇది తర్వాతి పేజీ అని శుభ్రంగా సర్దిపెడుతుంది. రెండు పేపర్లూ, ఓ పెద్ద లైబ్రరీ, ఇంకో ముప్పై నలభై సైట్లూ దాన్ని పెట్టుకున్నాయి. మూడో అంతస్తులో పదకొండుమంది మనుషులు, సగమే తెరుచుకునే కిటికీలు, నెలకోసారి మొరాయించే టీ మిషను. అదీ ఆఫీసు.

గొడవంతా ఆ పాత బ్రౌజర్‌తోనే. పదిహేనేళ్ళ నాటిది. తయారుచేసినవాళ్ళే దాని పేరెత్తడం మానేశారు. కొత్త పద్ధతిలో రాసిన ప్రోగ్రాం దానికి అర్థం కాదు, ప్రతి వరసనీ పాత పద్ధతిలోకి మార్చి పంపాలి. మార్చేసరికి టూల్ మూడింతలు బరువెక్కుతుంది. చవక ఫోన్లలోకి ఆ బరువంతా దిగడానికి టైం పడుతుంది. ఆ ఫోన్ పట్టుకున్న చూపులేని మనిషి బస్టాపులో నిలబడి, బస్సు ఎన్నింటికో తెలియక, అంతసేపూ కాచుకోవాలి. టీం లీడరు బాధ అది. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, అందులో అన్యాయమేం లేదు.

"గురువారం తేల్చేద్దాం," అని అతను బల్ల చివరికి చూశాడు. అందరూ అటే చూశారు.

బల్ల చివర కూచున్నది చాదస్తం మేడం. మొహం మీద ఆ పేరు పెట్టి పిలిచే ధైర్యం ఎవరికీ లేదు గానీ, ఆవిడకి తెలుసు. కంపెనీ పెట్టిన ముగ్గురిలో మిగిలింది తనొక్కతే. పాత బ్రౌజర్ తీసేద్దామని ఎవరైనా అంటే చాలు, ఇన్నేళ్ళూ ఒంటికాలి మీద లేచేది. "మీకు పాతదయితే చదువుకునేవాళ్ళకీ పాతదేనా" అని మొదలుపెట్టిందంటే కప్పుల్లో టీలు చల్లారిపోవాల్సిందే. అందుకని ఆ పూట జనం కుర్చీల్లో కాస్త సర్దుకుని కూచున్నారు.

ఆవిడ కిమ్మనలేదు. సున్నా వైపే చూస్తూ ఉండిపోయింది. ఎందుకంటే ఆ లెక్కలో కనీసం ఒక మనిషి ఉండి తీరాలి. ఆ మనిషి ఆవిడ పిన్ని. లెక్క సున్నా అంటే పిన్ని చదవడం మానేసిందన్నమాట.

పిన్ని గురించి చెప్పకపోతే ఈ కథే లేదు. మేడం వాళ్ళమ్మకి సొంత చెల్లెలు. ఆరో ఏట జ్వరం వచ్చి చూపు పోయింది. పెళ్ళీ గిళ్ళీ జోలికి పోకుండా, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి ముప్పై మూడేళ్ళు పనిచేసింది. అప్పట్లో ఊరు దాటి ఫోన్ చెయ్యాలంటే ఆపరేటరు కలపాలి. పిన్ని రెండో హలో దాకా ఆగేది కాదు, మొదటి హలోకే మనిషెవరో పట్టేసేది. "డాక్టరు గారూ, మీకే జలుబు చేసిందేమిటండీ" అని డాక్టర్నే పరామర్శించేది. పక్కూళ్ళో ఉన్న భర్తతో పోట్లాడి ఫోన్ పెట్టేసిన ఇల్లాలికి తనే మళ్ళీ ఫోన్ కలిపి, "లైన్ తెగిందమ్మా, మాట్లాడండి" అనేదట. లైన్ తెగలేదని ముగ్గురికీ తెలుసు.

మేడంకి పిచ్చుక అని పేరు పెట్టింది ఆ పిన్నే. చిన్నప్పుడు మేడం స్కూలు అవగానే, అమ్మ పనినుంచి వచ్చేదాకా పిన్ని ఇంట్లోనే ఉండేది. ఉన్నంతసేపూ నోటికి మూత పడేది కాదు. యాభై రెండేళ్ళొచ్చి, మోకాళ్ళు అరిగి, ఆఫీసులో పదిమందిని గడగడలాడించే మనిషిని పిచ్చుకా అని పిలవగలిగింది లోకంలో పిన్నొక్కతే. మనమూ ఇక్కడినుంచి అలాగే పిలుద్దాం. ఆఫీసువాళ్ళు పెట్టిన పేరుకంటే అదే నయం.

పిచ్చుక మంచి ఉద్యోగం వదిలేసి ఇద్దరు స్నేహితులతో ఈ టూల్ మొదలుపెట్టినప్పుడు, ఆఫీసంటే సైకిళ్ళ షాపు మీద ఒక గది. కింద ట్యూబులకి గాలి కొడుతుంటే పైన బల్లలు అదిరేవి. ఇంటర్నెట్టు ఫోన్ తీగలోంచి వచ్చేది, కీచుమంటూ, గరగరమంటూ, కలుస్తుందో లేదో తెలియకుండా. శనివారాలు పిన్ని వచ్చి మూల కుర్చీలో కూచునేది. ఆ కీచులాట మధ్యలోనే, "ఇది కలవదు, పెట్టేసి మళ్ళీ చెయ్యండి" అనేది. నిజంగానే కలిసేది కాదు. ముగ్గురూ నోళ్ళు వెళ్ళబెట్టేవాళ్ళు.

అప్పటి పేజీలకి ఇప్పటి హంగులు లేవు. బూడిదరంగు మీద నల్లటి అక్షరాలు, కింద గీత ఉంటే నొక్కొచ్చని గుర్తు. కంప్యూటరు గొంతు వేగం పెంచుకుని పిన్ని ఓ పేజీని అరనిమిషంలో మింగేసేది. మనకైతే ఆ వేగంలో బొద్దింక గోడ మీద పాకినట్టు ఏదో చప్పుడు తప్ప ముక్క అర్థం కాదు. మధ్యలో ఆపి, "ఇక్కడ తప్పు రాశాడు వీడు" అని నవ్వేది. ఎంత బావుండేవో ఆ రోజులు. జీతాలు లేవు, మంచినీళ్ళు కిందనుంచి మోసుకోవాలి, వానొస్తే కంప్యూటర్ల మీద ప్లాస్టిక్ పట్టా కప్పాలి. అయినా పిచ్చుక ఇప్పటికీ కలలో ఆ గది మెట్లే ఎక్కుతుంటుంది.

పరీక్ష చేసే పద్ధతి కూడా పిన్ని పెట్టిందే. మొట్టమొదటి టూల్ తయారై, "పిన్నీ, బ్రహ్మాండంగా ఉంది" అని పిచ్చుక ఎగిరి గంతేస్తే, పిన్ని తడుముకుంటూ లేచి, కుర్చీ వీపు మీద ఆరేసిన తువ్వాలు తీసి మానిటరు మీద కప్పింది.

"ఇప్పుడు చెయ్యి," అంది.

పిచ్చుక పది నిమిషాలు కుస్తీ పట్టి, తను సర్దిపెట్టిన పేజీలోనే తను దారి తప్పింది. పిన్ని పొట్ట పట్టుకుని నవ్వింది. "కళ్ళతో చూసి బావుందంటే నాకేం ఒరుగుతుందే? చెవులతో విని చెప్పు."

ఆ రోజునుంచి అదే చట్టం. ఇప్పటి ఆఫీసులో కూడా, స్టోరు గది మూల, పాత బ్రౌజర్ ఉన్న కంప్యూటరు ఒకటుంది. దాని తెర మీద ఎప్పుడూ ఓ తువ్వాలు. తువ్వాళ్ళు చిరిగాయి, మనుషులు మారారు, చట్టం మారలేదు. టూల్‌లో ఏ చిన్న మార్పు చేసినా పిచ్చుక ఆ గదిలో కూచుని, తువ్వాలు తియ్యకుండా, మొదటినుంచి చివరిదాకా విని, సరే అంటేనే బయటికి వెళ్ళేది. ఆ పద్ధతంటే ఆవిడకి గర్వం. కొత్తగా చేరినవాళ్ళందరికీ తువ్వాలు కథ కనీసం మూడుసార్లు చెప్పేది.

తర్వాత పిన్ని చెవులు పోవడం మొదలుపెట్టాయి. ముందు కుడి చెవి, నాలుగేళ్ళకి ఎడమది. చెవుల మీద బతికిన మనిషికి అంత అన్యాయం చెయ్యడానికి ఆ దేవుడికి చేతులెలా వచ్చాయో నాకైతే తెలీదు. డాక్టరు మిషన్లు ఇచ్చాడు. అవి గుయ్యిమన్నాయే తప్ప మాట వినిపించలేదు. ఇక మిగిలినవి వేళ్ళు.

పిన్ని దగ్గర బ్రెయిలీ పట్టీ ఒకటుంది. మూరెడు పొడుగు, కీబోర్డుకి ముందు పెట్టుకుంటారు. కంప్యూటరులో ఉన్న అక్షరాలు ఒక్కో వరసా దాని మీద చుక్కలై పైకి లేస్తాయి, వేళ్ళతో తడిమి చదువుకోవచ్చు. పిన్ని రిటైరైన రోజున ఎక్స్ఛేంజి వాళ్ళంతా కలిసి ఇచ్చారు. దాని లావాటి ప్లగ్గు దూర్చడానికి కొత్త కంప్యూటర్లలో చోటే లేదు. పిచ్చుక ఒకసారి కొత్త పట్టీ తెచ్చింది కూడా. దాని చుక్కలు మరీ మెత్తన, డెబ్భై తొమ్మిదేళ్ళ వేళ్ళకి ఆనడం లేదని పిన్ని తిప్పి పంపింది. కాబట్టి పాత పట్టీ, దానికోసం పాత కంప్యూటరు, ఆ కంప్యూటరులో పాత బ్రౌజర్. పొద్దున్నే పేపరు, మధ్యాహ్నం లైబ్రరీ పుస్తకం. టూల్ తీసేస్తే ఆ బ్రౌజర్‌లో రెండూ ఖాళీ పేజీల్లా తెరుచుకుంటాయి. కళ్ళు కనపడని, చెవులు వినపడని మనిషికి లోకంతో అంతటితో సరి.

ఇంత తెలిసిన పిచ్చుక, పిన్నిని చూసి ఎన్నాళ్ళైందనుకున్నారు? అయిదు నెలలు. అదే ఊళ్ళో, ఇరవై నిమిషాల బస్సు దూరంలో ఉంటూ. పనుంది, మోకాలు నొప్పి, వాన. అసలు కారణం అవేవీ కాదు. పిన్నితో మాట్లాడాలంటే ఇప్పుడు కీబోర్డు మీద టైపు చెయ్యాలి. పిన్ని వేళ్ళతో చదువుకుని నోటితో జవాబు చెబుతుంది. మొదటి హలోకే తనని పట్టేసిన మనిషి పక్కన కూచుని "నేను, పిచ్చుకని" అని టైపు కొట్టడం ఆవిడవల్ల కాలేదు. పిరికితనం, అంతే. ఇంకో పేరు పెట్టక్కర్లేదు.

లెక్కపెట్టడం మొదలైన మొదటి నెల సున్నా చూసి, పాత ఆపరేటర్లెవరింటికో వెళ్ళిందేమోలే అనుకుంది. రెండో నెల సున్నా చూసి, కంప్యూటరు పాడైందేమో, ఆదివారం వెళ్ళాలి అనుకుంది. ఆదివారాలు వచ్చాయి, పోయాయి. మూడో నెలకి సున్నా గోడెక్కింది.

మీటింగ్ అవగానే పిచ్చుక సెలవు పెట్టి బస్సెక్కింది.

పిన్ని ఉండేది కుట్టుపని షాపు మీద వాటాలో. కింద కుట్టుమిషను ఆవిడే పిన్నికి వంట చేసి పైకి పంపుతుంది. గుమ్మం దగ్గర బెల్ నొక్కితే లోపల గంట మోగదు, పిన్ని కుర్చీ పక్కన టేబుల్ ఫ్యాన్ తిరుగుతుంది. గాలి తగిలితే ఎవరో వచ్చారని తెలుస్తుంది. ఆ ఏర్పాటు కూడా కిందావిడదే. పిచ్చుక నొక్కింది.

"తీసే ఉంది, తోసుకు రా," అన్న గొంతు రోడ్డు దాకా వినిపించింది. తన గొంతు తనకి వినపడదు కనుక పిన్ని మామూలు మాటలు కూడా మైకులో చెప్పినట్టు చెబుతుంది. ఆ ఇంట్లో పప్పులో ఉప్పెక్కువైనా వీధి మొత్తానికి తెలుస్తుంది.

పిన్ని కుర్చీలో ఉంది, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని. కంప్యూటరు మీద గుడ్డ కప్పి ఉంది. అది చూడగానే పిచ్చుక గబగబా వెళ్ళి చెయ్యి పట్టుకుంది. పిన్ని ఆ చేతిని మణికట్టుదాకా తడిమి ఆగింది.

"పిచ్చుకా," అంది. "చిక్కావేమే? దారి మర్చిపోయావనుకున్నా."

పిచ్చుక గుడ్డ తీసి కంప్యూటరు ఆన్ చేసింది. అది లేచి కూచోవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. పిన్ని కుర్చీ లాక్కుని పట్టీ మీద వేళ్ళు పెట్టింది.

"చదవడం మానేశావా పిన్నీ?" అని కొట్టింది పిచ్చుక.

పిన్ని వేళ్ళు ఎడమనుంచి కుడికి నడిచాయి. మొహం చిట్లించింది.

"ఎవరే ఆ మాటన్నది?"

"ఆఫీసులో లెక్క చూపించింది."

"ఏం లెక్క? ఎవరి లెక్క?" పిన్నికి అరికాలి మంట నెత్తికెక్కింది. "పొద్దున పేపరు మొత్తం చదివా. వంతెన మీద లారీ బోల్తా పడి రెండు గంటలు బళ్ళాగిపోయాయి. మార్కెట్టు వెనక నీళ్ళ గొట్టం పగిలింది. నాలుగో పేజీలో ఎనభై ఏళ్ళాయన పెళ్ళి చేసుకున్నాడు, పెళ్ళికూతురికి డెబ్భై ఆరు. ఇంకా చెప్పనా? లైబ్రరీ నవల నూట పన్నెండో పేజీలో ఉన్నా. తోటమాలే హంతకుడని నా అనుమానం. చదవడం మానేశానట."

"మరి ఈ గుడ్డ?"

"దుమ్ము పడదూ?"

పిచ్చుక నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. తర్వాత బుర్ర పనిచెయ్యడం మొదలైంది. పిన్ని రోజూ చదువుతోంది. అంటే లెక్క అబద్ధం. టూల్‌లో ఆ లెక్కపెట్టే ప్రోగ్రాం ముక్క రాసిందెవరు? తనే.

"దీని మానిటరేదీ?" అని కొట్టింది.

"నాకెందుకు అది? మంచం కింద తోయించా."

మోకాళ్ళు పటపటమంటుంటే వంగి, ఆ పాతకాలపు గాజు మానిటరు బయటికి లాగింది. చిన్నసైజు బీరువా అంత బరువు. నాలుగుసార్లు తుమ్మి, తీగలు తగిలించి, పేపరు పేజీ తెరిచింది. టూల్ తన పని తను చక్కగా చేసింది. శీర్షిక, వార్త, తర్వాతి పేజీ, అన్నీ ఉన్న చోట ఉన్నాయి. అప్పుడు కనిపించింది, తెర అడుగున ఎడమ మూల, గోరంత పసుపుపచ్చ గుర్తు. పేజీలో ఏదో ముక్క విరిగిందని చెప్పే గుర్తు అది. చప్పుడు చెయ్యదు. చుక్కల్లోకి రాదు. కంటికి తప్ప ఇంక దేనికీ తెలియదు.

నొక్కి చూసింది. విరిగిన ముక్క పేరు, వరస నంబరు. తను రాసిందే.

జరిగింది ఇది. ప్రతి ముక్కనీ పాత పద్ధతిలోకి మార్చి పంపాలని చట్టం పెట్టిన మనిషే, లెక్కపెట్టే ముక్క ఇరవై వరసలే కదా, దీన్ని మార్చేదేమిటని విడిగా అతికించేసింది. అందులో ఒక్క వరస కొత్త పద్ధతిలో ఉంది. అర్థం కాని వరస ఒక్కటి తగిలితే చాలు, పాత బ్రౌజర్ ఆ ముక్కనంతా పక్కన పడేస్తుంది. దాంతో పాత బ్రౌజర్‌లో చదివేవాళ్ళు మాత్రమే లెక్కకి రాకుండా పోయారు. పిచ్చుక పరీక్ష చెయ్యకపోలేదు. స్టోరు గదిలో కూచుని, తువ్వాలు తియ్యకుండా, మొదటినుంచి చివరిదాకా వింది. చెవికి ఏ లోటూ తెలియలేదు, సరే అంది. పసుపు గుర్తు తువ్వాలు కింద వెలుగుతూనే ఉంది. పప్పులో కాలేసింది, అదీ అందరికీ ఏళ్ళ తరబడి పాఠం చెప్పిన చోటే వేసింది.

అంతా టైపు చేసి చెప్పింది. పిన్ని వరస వెంట వరస చదువుకుని, కుర్చీ అదిరేలా నవ్వింది. "నేను కప్పమన్నది ఒకసారి విని చూడమని. తర్వాత తీసి కూడా చూసుకోవాలిగా. దేవుడిచ్చిన కళ్ళు నీకెందుకే, కాటుకకా?" కాసేపాగి, "ఇంతకీ నన్ను చూడ్డానికొచ్చావా, దీనికోసం వచ్చావా?" అంది.

"నిన్ను చూడ్డానికే."

"ఇదివరకు అబద్ధం చెబితే నీ గొంతు సన్నబడేది. ఇప్పుడు కొట్టి చెరిపి, మళ్ళీ కొడుతున్నావు," అంది పిన్ని, పట్టీ మీంచి వేళ్ళు తియ్యకుండా. "చెరిపినా నాకు తగులుతుందే."

మర్నాడు పిచ్చుక అందరి ముందూ లేచి నిలబడి చెప్పింది. "ఆ సున్నా తప్పు. రాసింది నేను, పరీక్ష చేసిందీ నేనే." తువ్వాలు కథ మూడేసిసార్లు విన్నవాళ్ళు తలలు దించుకున్నారు, నవ్వు దాచుకోవడానికో మరెందుకో. టీం లీడరు నవ్వలేదు. "సరిచేసి పంపండి మేడం. గురువారం దాకా టైముందిగా," అన్నాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అతనికి పని నేర్పింది ఈవిడే. తప్పు చేసినప్పుడు ఆవిడ అతనితో ఎలా మాట్లాడేదో అతనూ అలాగే మాట్లాడాడు.

పిచ్చుక స్టోరు గదిలో తువ్వాలు తీసి మడతపెట్టి, ఒకసారి విని, ఒకసారి చూసి, మధ్యాహ్నానికల్లా సరిచేసిన ముక్క పంపించింది. బుధవారం పొద్దున ఆరున్నరకి లెక్కలో ఒకటి పడింది. అది ఎవరో ఆవిడకి వేరే చెప్పక్కర్లేదు. సాయంత్రానికి పంతొమ్మిది. గురువారం మీటింగ్ టైముకి ముప్పై నాలుగు. ఒకరు రోజుకి మూడుసార్లు పేపరు తెరుస్తున్నారు, ఒకరు మధ్యాహ్నమంతా లైబ్రరీలోనే ఉంటున్నారు. అంతకుమించి వాళ్ళ గురించి ఏమీ తెలీదు.

"మేడం, కొత్తవాటిలో చదివేవాళ్ళు నాలుగు లక్షలు," అన్నాడు టీం లీడరు మొహమాటంగా. "ముప్పై నలుగురి కోసం వాళ్ళందరి చేతా ఈ బరువు మోయించలేను."

అందరూ మళ్ళీ కుర్చీల్లో సర్దుకున్నారు.

"మోయించకూడదు," అంది పిచ్చుక. "నువ్వు చెప్పింది నిజమే. కానీ ఇందులో ఒకరు మా పిన్ని. చూపు ఎప్పుడో పోయింది, ఈమధ్య వినికిడీ పోయింది. ఇది తీసేస్తే ఆవిడకి పొద్దున లేచి చెయ్యడానికేమీ ఉండదు. ఈ మాట ఇన్నాళ్ళూ చెప్పలేదు, మా ఇంటి మనిషి కోసం మీ అందరినీ తిప్పలు పెడుతున్నాననుకుంటారని. మిగతా ముప్పై ముగ్గురూ ఎవరి పిన్నులో నాకు తెలీదు."

టీం లీడరు మెడ గోక్కుని, లేచి బోర్డు దగ్గరికి వెళ్ళి రెండు డబ్బాలు గీశాడు. "వచ్చింది ఏ బ్రౌజరో గుమ్మంలోనే కనుక్కుని, కొత్తవాటికి తేలిక మూట, పాతవాటికి బరువు మూట ఇస్తే? ప్రతిసారీ రెండూ కట్టాలి. పని రెట్టింపు."

"నేను కడతా," అంది పిచ్చుక.

"మీరొక్కరే కడితే మళ్ళీ తువ్వాలు కప్పేస్తారు," అన్నాడతను. ఈసారి అందరూ నవ్వారు, పిచ్చుక కూడా. "నాకు నేర్పండి. రెండేళ్ళు ఇలా నడుపుదాం. అప్పుడు మళ్ళీ లెక్క చూద్దాం."

ఆదివారం పొద్దున పిచ్చుక పిన్ని పక్కన కూచుని, ఇదంతా పూసగుచ్చినట్టు టైపు చేసింది. ముప్పై నలుగురి సంగతి చదివి పిన్ని, "వాళ్ళని ఒక్కసారి నాతో మాట్లాడించలేవూ" అంది. రెండేళ్ళ మాట దగ్గర తలాడించింది. అంతలో ఏదో తట్టి, వేళ్ళు ఆగిపోయాయి.

"ఆ సున్నా ఎప్పటినుంచి చూపిస్తోంది?"

పిచ్చుక ఒక మాట కొట్టి చెరిపింది. తర్వాత, "మూడు నెలలుగా" అని కొట్టింది.

పిన్ని చదువుకుంది. కింద కుట్టుమిషను కాసేపు నడిచి ఆగింది.

"మూడు నెలలు," అంది చివరికి. ఎంత మెల్లగా అందంటే పిచ్చుక ముందుకి వంగి వినాల్సొచ్చింది. "మూడు నెలలు నేను చదవడం లేదనుకున్నావు. వేళ్ళు కూడా పోయాయనుకున్నావో, మనిషే పోయిందనుకున్నావో. అయినా రాలేదు."

పిచ్చుక చేతులు కీబోర్డు మీదే ఉన్నాయి. ఒక్క అక్షరం పడలేదు. పట్టీ మీద చుక్కలన్నీ అణిగి ఉన్నాయి, పిన్ని వేళ్ళు వాటి మీద కాచుకుని ఉన్నాయి.

"భయమేసింది పిన్నీ," అని కొట్టింది.

"నాకు వెయ్యదూ?" అంది పిన్ని. చెయ్యి చాపి పిచ్చుక చెంప తడిమి, తడి తగిలి, కొంగుతో తుడిచింది. "ఇప్పుడు నేను లెక్కలో పడుతున్నానా?"

"రోజూ ఆరున్నరకి."

"ఏదో ఒకరోజు ఆరున్నరకి పడను. ఆ రోజు నువ్వు పరిగెత్తుకొచ్చినా నాకు తెలీదు. పడుతున్న రోజుల్లో రావే."

"రేపొస్తా."

"రేపు సోమవారం. ఆఫీసుంది నీకు."

"ఆఫీసయ్యాక వస్తా."

పిన్ని వేళ్ళు ఆ మాట మీద చివరిదాకా నడిచాయి. మళ్ళీ వెనక్కొచ్చి ఇంకోసారి నడిచాయి.

"సరే. వచ్చేటప్పుడు పాలు పట్రా," అంది, మళ్ళీ వీధంతా వినపడేటట్టు.